అశ్వహృదయము: గుఱ్ఱపు నడకలో బలము కూడగట్టు విద్య

తెలుగువాడు సాయంకాలము నాలుగడుగులు వేయుటకు బయలుదేరినచో వాహ్యాళికి పోయినాడని అంటారు. ఈ మాట సంస్కృతమునుండి వచ్చినది. వాహ్యాళి అనగా మొదట గుఱ్ఱములను నడిపి తీర్చు బయలు. గుఱ్ఱము పోయినది, బయలు పోయినది, మాట మాత్రము మిగిలినది. జనసమూహము కదము త్రొక్కినదని వ్రాయునప్పుడు, కదము గుఱ్ఱపు గతివిశేషమని వ్రాయువానికి స్ఫురించదు. కోరికకు కళ్లెము వేయుట, అధికారపు పగ్గములు చేపట్టుట కూడ ఈ కోవలోనివే. బంగాళాఖాతమునకు ఆవల, అండమాన్ దీవులలో, 2024లో శ్రీ విజయపురముగా పేరు మారిన పోర్టు బ్లేయరు పక్కన గరాచర్మ అను ఊరున్నది. ఆ దీవుల అడవులు గుఱ్ఱమును పుట్టించినవి కావు. 1858లో అచట శిక్షావాసము ఏర్పడిన పిదప ఓడలు చేర్చిన జంతువులే అచటి పెద్ద జంతువులలో ఎక్కువ. అయినను ఆ దీవులలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారు మాటాడు భాషలో కళ్లెమును, పగ్గములును, వాహ్యాళియు ఉన్నవి. జంతువు చేరని చోటికి కూడ మాట చేరుతుంది. మాట వెనుకనున్న విద్య చేరుతుందా అన్నది వేరొక ప్రశ్న.

ఆ విద్య యొక్క నడిబొడ్డులో ఒక చిన్న విషయమున్నది. గుఱ్ఱము తన బలమును కూడగట్టుకొనుట ఎట్లు? నేడు ప్రపంచమంతట డ్రెస్సాజ్ అను ఫ్రెంచి పేరుతో పిలువబడు అశ్వశిక్షలో ఇదియే తుదిమెట్టు. ఆ ఫ్రెంచి మాటకు తీర్చిదిద్దుట అని అర్థము. దూరమునుండి చూచువారికి ఇందులో కనబడునది వంగిన మెడ మాత్రమే. కాని మెడ వంపు ఫలితము. కారణము వెనుక కాళ్లలో ఉన్నది. ఈ రెంటిని తారుమారు చేసినవారి చేతిలో గుఱ్ఱము ఎంత బాధపడినదో, తారుమారు చేయనివారి చేతిలో ఎంత వెలిగినదో చెప్పునదే ఈ విద్య చరిత్ర.

ముందుగా గుఱ్ఱపు దేహనిర్మాణమును గమనించవలెను. కదలక నిలిచిన గుఱ్ఱము తన బరువులో నూటికి సుమారు 58 పాళ్లు ముందు కాళ్లపైననే మోస్తుంది. బరువైన తలయు, పొడవైన మెడయు ముందువైపు ఉండుటయే ఇందుకు కారణము. మనుష్యునకు ఉన్నట్లు దానికి జత్రువు, అనగా మెడయెముక, లేదు. కనుక ముందు కాళ్ల నడుమ రొమ్ము కండరములపైననే వ్రేలాడుచుండును. ఉట్టిలో కుండవంటి అమరిక అది. వెనుక కాళ్లట్లు కావు. తుంటియెముకల ద్వారా అవి వెన్నెముకకు గట్టిగా బిగిసి ఉన్నవి. గుఱ్ఱమును ముందుకు త్రోయునవి అవే. రౌతు ఎక్కి కూర్చున్నప్పుడు అతని బరువు కూడ చాలవరకు ముందు కాళ్లపై పడుతుంది. ముందు బరువైన ఎడ్లబండి ఎద్దుల మెడలను ఎట్లు అణచివేయునో, రౌతు బరువు గుఱ్ఱమును అట్లే ముందుకు క్రుంగదీస్తుంది. బండివాడైతే బస్తాలను వెనుకకు జరిపి ఇరుసుపై తూకము కుదుర్చుకొనును. గుఱ్ఱము వీపుపై జరుపుటకు బస్తాలు లేవు. గుఱ్ఱమే తన తూకమును మార్చుకొనవలెను.

అది మార్చుకొను తీరు ఇది. తుంటి, మోకాలు, మడమ కీళ్లు మూడింటిని ఎక్కువగా మడిచి గుఱ్ఱము తన వెనుక భాగమును కొంచెము దించుతుంది. పొట్ట కండరములు బిగిసి నడుమును పైకెత్తుతవి. రొమ్మును మోయు కండరములు భుజముల నడుమ దేహమును పైకి లేపుతవి. అప్పుడు మెడ తనంతట తానే పైకి లేచి విల్లువలె వంగును; తల మెడతో కలియు చోటు అన్నిటికన్న ఎత్తున నిలుచును; ముక్కు నిలువుగీతకు కొంచెము ముందుండును. అడుగు పొట్టిదగును, కాని చేవ తగ్గదు. దూకబోవు పిల్లి ఒడలు ముడుచుకొనినట్లు, ఆ బలమంతయు లోపల నిలిచియుండును. వెనుక కాలు ఎంత ముందుకు సాగి పడినదనునది దీనికి గురుతు కాదు. పరుగులో సాగిన కాలు ఇంకను ముందుకు పడగలదు. నేలనంటిన వెనుక కాలు మడిగి బరువును ఎంత మోసినదన్నదే గురుతు. త్రోయునది మోయునదిగా మారుట, ఇదే కూడగట్టుటలోని మర్మము.

ఈ మర్మమును మొదట స్పష్టముగా వ్రాతలో పెట్టినవాడు గ్రీకు దేశపు సేనాని క్సెనోఫోను. క్రీస్తు పూర్వము నాల్గవ శతాబ్దమున అతడు అశ్వవిద్యను గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసినాడు. గుఱ్ఱము వెనుక కాళ్లను దేహము క్రిందికి తెచ్చుకొని, వెనుక కీళ్లు మడిచి, ముందు భాగమును ఎత్తు తీరును అందులో వర్ణించినాడు. ఆడగుఱ్ఱముల యెదుట మగగుఱ్ఱము తనంతట తాను ఏ ఠీవిని చూపునో, ఆ ఠీవిని రౌతు అడిగి పొందవలెనని, కొట్టి రాబట్టినది అందము కానేరదని అతని వాదము. తరువాతి రెండు వేల ఏండ్ల అశ్వశిక్ష అంతయు ఈ వాదమును మరచుట, మరల తలచుకొనుట అను రెండు పనులతోనే గడిచినదన్నచో అతిశయోక్తి కాదు.

భారతదేశమున ఈ విద్య ఏ స్థితిలో ఉండెను? శాలిహోత్రుని పేర వెలసిన అశ్వశాస్త్రము ఎంత వ్యాపించినదనగా, ఉత్తర భారతమున గుఱ్ఱపు వైద్యునికి సాలోత్రి అనునదే పేరయినది. పారసీక భాషలో ఫరస్‌నామాలను పేరుతో వచ్చిన గ్రంథములలో కొన్ని ఈ శాస్త్రమునకు అనువాదములే. మహాభారతములో నకులుడు విరటుని అశ్వశాలలో కొలువు చేసినాడు. తిక్కన తెలుగులో అతనిని దామగ్రంథి అను పేర పిలిచినాడు. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలుచు తన అశ్వహృదయ విద్యను ఇచ్చి అక్షహృదయమును గ్రహించిన కథ తెలుగువారికి తెలియనిది కాదు. గుఱ్ఱమును తోలు నేర్పునకు హృదయమని పేరు పెట్టిన దేశమిది.

శాస్త్రములలోనికి వచ్చినచో, అమరసింహుని నిఘంటువు ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని గుఱ్ఱపు గతులు అయిదింటిని పేర్కొని, వానిని ధారలని పిలిచినది. కౌటిల్యుని అర్థశాస్త్రము, 1909లో మైసూరులో శామశాస్త్రి అచ్చు వేయించి లోకమునకు అందించిన గ్రంథము, రెండవ అధికరణములోని అశ్వాధ్యక్ష ప్రకరణములో ఇంకను లోతుకు పోయినది. గుఱ్ఱములను స్వభావమును బట్టి తీక్ష్ణము, భద్రము, మందము అని విభజించినది. పనిని బట్టి యుద్ధమునకును స్వారికిని వేరు చేసినది. స్వారి గుఱ్ఱపు గతులలో వల్గనమును మొదట చెప్పినది. అందులో ఒక భేదము మూరెడు వ్యాసము గల వలయములో తిరుగుట అని వ్యాఖ్యాతలు వివరించినారు. మరియొక గతి తలయు చెవులును చక్కగా నిలిపి నడచునది. సంజ్ఞను బట్టి నడచుటకు నారోష్ట్రమను వేరు పేరున్నది.

ఈ చిన్న వలయము గమనింపదగినది. మూరెడు వలయములో గుఱ్ఱమును త్రిప్పుట ముందు కాళ్లపై బరువు మోపిన గుఱ్ఱమునకు అలవికాదు. వెనుక కాళ్లను ఇరుసుగా నిలిపి, ముందు భాగమును తేల్చి త్రిప్పుకొన్నప్పుడే అది సాధ్యము. నేటి డ్రెస్సాజ్‌లో పిరువెట్ అను పేరుతో పరీక్షించునది ఇదియే. కనుక కూడగట్టు విద్య ఈ దేశమున ఆచరణలో ఉండెననుటకు ఈ ఒక్క మాట బలమైన ఆధారము. కాని అది ఎట్లు సాధింపవలెనో, ఏ కీలు మడగవలెనో, చేయి ఎప్పుడు సడలవలెనో ఆ ప్రకరణము చెప్పలేదు. ఫలమునకు పేరున్నది; దారికి వ్రాత లేదు.

తెలుగుదేశమున గుఱ్ఱము సముద్రము మీదనే ఎక్కువగా వచ్చినది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనము ఇందుకు సాక్షి. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు లాగుకొనుచుండగా, తాను సుంకము మాత్రమే తీసికొని తక్కినదంతయు వర్తకులకే విడిచితినని ఆ రాజు ప్రకటించినాడు. గజసైన్యమునకును అశ్వసైన్యమునకును శిక్షకులైనవారిని ఆనాడు సాహిణులనిరి. నృత్తరత్నావళి వ్రాసిన జాయపసేనాని కాకతీయుల గజసాహిణి. ఏనుగు నడకను తీర్చు కొలువులోనివాడే మనుష్యుని నడకకు శాస్త్రము వ్రాయుట తెలుగు చరిత్రలోని చక్కని సంగతులలో ఒకటి.

విజయనగర కాలమునకు గుఱ్ఱము రాజ్యమునకు ప్రాణమయినది. ఆనాటి తెలుగువారు ఓఢ్రరాజును గజపతి అనియు, విజయనగర రాజును నరపతి అనియు, ముసల్మాను సులతానులను అశ్వపతి అనియు పిలిచిరి. నరపతికి కొరతగా ఉన్నది అశ్వమే. పోర్చుగీసు వర్తకుడు నూనిజు సుమారు 1535 ప్రాంతమున వ్రాసిన వృత్తాంతములో, సాళువ నరసింహుడు గుఱ్ఱములు బ్రతికి వచ్చినను చచ్చినను వెల యిచ్చెడివాడనియు, దారిలో సముద్రముపై చచ్చినదాని తోకను తెచ్చి చూపినను సొమ్ము చెల్లించెడివాడనియు ఉన్నది. కృష్ణదేవరాయలు ఏటేట పదమూడు వేల గుఱ్ఱములు కొనెడివాడని కూడ అతడే వ్రాసినాడు. దూరద్వీపముల వర్తకులను ఆదరించి ఏనుగులను గుఱ్ఱములను రాబట్టుకొనవలెనని రాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతిలో ఉపదేశించినాడు. ఆ ఉపదేశము కవిసమయము కాదు, ఖజానా లెక్క.

అటువంటి గుఱ్ఱమును తీర్చుట రాజునకు దినచర్యలో భాగము. సుమారు 1520లో విజయనగరమును చూచిన పేసు, రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలికి రాయించుకొని, బరువులెత్తి, మల్లులతో పెనగి, పిదప గుఱ్ఱమెక్కి తెల్లవారువరకు బయలులో ఇటునటు త్రిప్పెడివాడని వ్రాసినాడు. ఇటునటు త్రిప్పుట అను మాటలోనే విషయమున్నది. తిన్నగా పరుగెత్తుట ఏ గుఱ్ఱమైనను చేయును. పోరులో ఈటెను తప్పించుకొని, నిలిచినచోటనే మరలి, మరుక్షణము దూకగల గుఱ్ఱము కావలెను. వెనుక కాళ్లపై బరువు నిలుపుకొన్న గుఱ్ఱమే అట్లు మరలగలదు. కూడగట్టు విద్య వేడుక కొరకు పుట్టినది కాదు. రౌతు ప్రాణము దానిపై నిలిచియుండెను.

ఆ కాలపు శిల్పులు శ్రీశైలపు ప్రాకారముపైనను, హంపి హజారరామాలయపు గోడలపైనను గుఱ్ఱములను బారులుగా చెక్కినారు. శ్రీరంగపు శేషరాయ మండపములో గుఱ్ఱములు వెనుక కాళ్లపై నిలిచి ముందు కాళ్లను ఎత్తియున్నవి. శిల్పము శిల్పమే, దానినిబట్టి ఆ గుఱ్ఱమునకు ఏ శిక్ష యిచ్చిరో చెప్పుట సాహసము. శిల్పి కన్ను మాత్రము బరువు ఎచట నిలువవలెనో పసికట్టినది.

ఈ విద్యకు వ్రాత లేకపోయెనా? తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణములను పద్యములలో కూర్చినాడు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున కూర్చిన మానసోల్లాసములో వాజివాహ్యాళి వినోదమను ప్రకరణమే ఉన్నది. అయినను మన అశ్వశాస్త్రములలో అధికభాగము వన్నెలకును, సుళ్లకును, పండ్లనుబట్టి వయసు తెలిసికొనుటకును, రోగములకును, మందులకును పోయినది. ఏ సుడి ఏ చోటనున్నచో యజమానికి మేలో చెప్పినంత ఓపికతో, ఏ కాలు ఎప్పుడు మడగవలెనో చెప్పినవారు అరుదు. ఆ భాగము సాహిణి చేతిలోను, తొడలోను, కంటిలోను ఉండెను. తండ్రి కొడుకునకు చూపినాడు. గురువు శిష్యునకు చూపినాడు. అశ్వసైన్యములు చెదరిన పిదప చూపువాడు లేడు, చూచువాడు లేడు. మాట ఒక్కటే వీధిలో మిగిలినది.

ఐరోపాలో మరియొక విధముగా జరిగినది. అచట కూడ విద్య మొదట మోటుగానే ఉండెను. 1550లో నేపుల్సులో ఫెదెరీకో గ్రిసోనె ప్రచురించిన గ్రంథము కఠినమైన కళ్లెములకును దండనకును పేరు పొందినది. మెడను లాగి వంచినచో వెనుక కాళ్లు లోబడునని ఆ పద్ధతివారి నమ్మకము. ఫ్రాన్సులో పదమూడవ లూయీ రాజునకు స్వారి నేర్పిన ప్లూవినెల్ దారి మళ్లించినాడు. 1623లో, అతని మరణానంతరము వెలువడిన గ్రంథములో, గుఱ్ఱపు బుద్ధిని అలయింపక ఒప్పించుటయే శిక్ష అను భావము కనబడుతుంది. 1733లో గెరినియేర్ వెలువరించిన అశ్వవిద్యాశాల అను గ్రంథము ఆ భావమునకు శాస్త్రరూపము నిచ్చినది. గోడవెంట నడచు గుఱ్ఱపు భుజములను కొంచెము లోపలికి త్రిప్పి, లోపలి వెనుక కాలు దేహము క్రిందికి వచ్చి బరువు మోయునట్లు చేయు అభ్యాసమును అతడు పెంపొందించినాడు. భుజమును లోనికి తెచ్చుట అను ఆ అభ్యాసము నేటికిని ఈ విద్యకు పునాది. వియన్నాలో 1735లో ముగిసిన స్వారిమందిరములో ఆ సంప్రదాయము ఇప్పటికిని సాగుచున్నది.

గెరినియేరు చేసిన పని నిజముగా ఏమి? సాహిణి తొడలో ఉన్నదానిని కాగితముపై పెట్టినాడు. అందుచేతనే రాజ్యములు కూలినను, సైన్యములు మారినను ఆ విద్య నిలిచినది. పందొమ్మిదవ శతాబ్దమున బొషే అను ఫ్రెంచివాడు వేరు మార్గము చెప్పగా, అతని పక్షమువారికిని జర్మను గురువులకును దశాబ్దముల తరబడి వాదము నడచినది. ఆ వాదము కూడ గ్రంథములలోనే సాగినది కనుక, ఉభయుల తప్పొప్పులు తరువాతివారికి దక్కినవి. 1912లో వెలువడిన జర్మను అశ్వికదళపు నియమావళి ఆ అనుభవమును క్రమపరచినది. దానినుండి పెరిగిన మెట్లవరుస నేడు జగత్ప్రసిద్ధము: మొదట లయ, పిదప బిగువులేని ఒడలు, పిదప కళ్లెముతో నెమ్మదియైన స్పర్శ, పిదప ఊపు, పిదప తిన్ననితనము, చివర కూడగట్టుట. చివరి మెట్టును మొదటనే ఎక్కబోయినవాడు పడిపోవునని ఆ వరుసకు తాత్పర్యము.

1912లోనే స్టాక్‌హోము ఒలింపిక్ క్రీడలలో డ్రెస్సాజ్ ప్రవేశించినది. మొదట అది సైన్యాధికారుల సొత్తు. 1952లో హెల్సింకీ నాటికి స్త్రీలకును పౌరులకును తలుపు తెరచినారు. ఆ యేడు డెన్మార్కు దేశపు లిస్ హార్టెల్ రజతపతకము గెలిచినది. పోలియో వలన ఆమెకు మోకాళ్ల క్రింద కాళ్లు పనిచేయవు. బలప్రయోగముచే కూడగట్టుట సాధ్యమైనచో ఆమె ఆ మైదానములో నిలువగలిగెడిది కాదు. క్సెనోఫోను వాదమునకు ఇంతకన్న గట్టి రుజువు దొరుకదు.

తెలుగునేల మీద గుఱ్ఱపు సైన్యము చివరిగా వెలిగినది హైదరాబాదు సంస్థానములో. మొదటి ప్రపంచయుద్ధమున జోధపురము, మైసూరు రౌతులతో పాటు హైదరాబాదు లాన్సర్లు పాలస్తీనా రంగమున ఒకే దళములో పనిచేసినారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణము పట్టుబడినది ఆ దళము చేతికే. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహములు మూడింటిలో ఒకటి హైదరాబాదు రౌతుకు గురుతు. స్వాతంత్ర్యానంతరము భారతసైన్యములో గుఱ్ఱపు దళము 1953లో ఏర్పడిన 61వ కావల్రీకి కుదించుకొనిపోయినది. 1975లో జాతీయ పోలీసు అకాడమీ ఆబూ పర్వతమునుండి హైదరాబాదునకు వచ్చినది. అచట శిక్షణ పొందు అధికారులు గుఱ్ఱపు స్వారి కూడ నేర్తురు. కాకతీయుల నాటి సాహిణి విద్యకు తెలుగునేలపై కనబడు ఛాయలలో ఇది యొకటి.

ఇటీవలి కాలమున ఐరోపాలోనే పాతతప్పు మరల తల యెత్తినది. గుఱ్ఱపు గడ్డమును రొమ్మునకు తాకునంతగా మెడను మడిచి శిక్షించు పద్ధతి పోటీలలో వ్యాపించినది. దూరమునకు అది కూడగట్టినట్లే కనబడును. దగ్గరనుండి చూచువానికి నడుము క్రుంగియు, వెనుక కాళ్లు వెనుకనే ఈడ్చుకొనుచు, తోక విసురుచు ఉన్న గుఱ్ఱము కనబడును. వాదోపవాదముల పిదప 2010లో అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య, బలవంతముగా మెడ మడుచుట ఆమోదయోగ్యము కాదని ప్రకటించినది. గ్రిసోనె నాటి భ్రమ నాలుగువందల అరువది యేండ్ల తరువాత కూడ చావలేదనుటకు ఇది నిదర్శనము. వ్రాసియుంచిన విద్య కూడ చదువరులు లేనిచో మరపున పడును.

2023 సెప్టెంబరు 26న చైనాలోని హాంగ్‌జౌ నగరమున ఆసియా క్రీడలలో భారతజట్టు డ్రెస్సాజ్‌లో స్వర్ణపతకము గెలిచినది. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా ఆ జట్టువారు. 1982 తరువాత అశ్వక్రీడలలో భారతదేశమునకు స్వర్ణము దక్కుట అదే. 2024లో పారిసు ఒలింపిక్ క్రీడలలో అనూష్ ఈ విద్యలో పోటీచేసిన మొదటి భారతీయుడైనాడు. వీరు ఐరోపాకు పోయి నేర్చుకొనవలసి వచ్చినది. మూరెడు వలయములో గుఱ్ఱమును త్రిప్పు నేర్పునకు ఒకనాడు పేరు పెట్టిన దేశపు బిడ్డలు, దారి వ్రాసియుంచిన దేశములకు పోయి దానిని తెచ్చుకొన్నారు. ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదు. ఋతుపర్ణుడు కూడ తనకు లేని విద్యను సారథివద్ద అడిగి పుచ్చుకొన్నాడు. విద్యకు మార్పిడి ధర్మమే. కాని ఇచ్చి పుచ్చుకొనుటకు మనవైపున వ్రాత ఉండవలెను. నాగలి పట్టువాని నేర్పు, పడవ నడుపువాని నేర్పు, మగ్గపువాని నేర్పు నేటికిని చాలవరకు చేతిలోనే ఉన్నవి, సాహిణి నేర్పు ఉండినట్లే.

వాహ్యాళి అను మాట తీరములు దాటి దీవులకు చేరినది. దానిని మోసినది నాలుక. ఆ మాట క్రింద ఒకప్పుడు నిలిచిన గుఱ్ఱము, వెనుక కాళ్లు మడిచి, నడుమెత్తి, రౌతును తేలికగా మోసిన గుఱ్ఱము, దానితో రాలేదు. హృదయము తెలిసినవారు దానిని వ్రాసియుంచిన చోటనే అది నేటికిని నడచుచున్నది.